ఉప్పురవ్వ పట్టి నిలిపిన చుక్క

ఆవిరి జనం సముద్రాన్ని విడిచి ఆకాశానికి వచ్చేశారు. వాళ్లకొక కట్టుబాటు ఉంది. పైకి లేచేటప్పుడు ఉప్పును కిందే వదిలేయాలి. నీటికి మోక్షమంటే అదేనని వాళ్ల నమ్మకం. అందరిలోకీ పెద్దదైన అవ్వ ఆ కట్టుబాటును ప్రాణంలా కాపాడుకుంటూ వచ్చింది.

కింద కొండవాలులో ఒకామె రాగి నారు పోసుకుంది. వానల్లేక నారు వడిలిపోతోంది. ఆమె తలమీద కొంగు కప్పుకుని రోజూ పైకి చూసేది. "నాలుగు చినుకులు రాల్చండి తల్లీ, నారు ఎండిపోతే ఈ ఏడు మా పొయ్యి వెలగదు" అనేది. ఆ మాట వింటే అవ్వకు వెంటనే దిగిపోవాలనిపించేది. కానీ ఆవిరి ఆవిరిగా కిందికి దిగలేదు, చుక్క కావాలి. పొద్దు వాలితే గాలి లేచి అందర్నీ కొండ అవతలికి తరిమేస్తుంది.

అవ్వ తనవాళ్లను పిలిచింది. అందరూ చేతులు కలిపి దగ్గరికి జరిగారు. పిసరంత చుక్క తయారైంది, రెప్పపాటులో చెదిరింది. మళ్లీ కలిశారు, మళ్లీ చెదిరారు. అంచున ఉన్నవాళ్లు పట్టు చాలక ఎగిరిపోతున్నారు. అంత చిన్న చుక్కలో దాదాపు అందరూ అంచునే ఉన్నారు మరి!

అంతలో ఒక ఉప్పురవ్వ అటు వచ్చింది. ఎక్కడో అల విరిగినప్పుడు తుంపరతో ఎగిరి, దారిలో ఎండిపోయి, గాలి పట్టుకుని పైకెక్కింది.

"నన్ను మీ మధ్యకు రానివ్వండి అవ్వా" అంది.

"చాల్లే! నిన్ను వదిలించుకోడానికే కదా ఇంత పైకి వచ్చాం."

"తెలుసు. కానీ నేను పట్టుకుంటే మీవాళ్లు అంత తేలిగ్గా ఎగిరిపోరు."

"పట్టుకుంటే నువ్వేమవుతావు?"

"కరిగిపోతాను."

"ఇక నువ్వు ఎవరికీ కనిపించవే!"

"చుక్క కనిపిస్తుంది కదా అవ్వా."

ఇన్నాళ్లూ తాము మురికి అనుకున్నది ఇంత పెద్ద మనసుతో వచ్చి నిలబడింది. కింద నారు తల వాల్చేస్తోంది. పోతే పోయింది కట్టుబాటు అనుకుని అవ్వ చేయి చాచింది.

ఉప్పురవ్వ కరిగింది. కరిగిన ప్రతి తునకా పక్కనున్న ఆవిరిని గట్టిగా పట్టుకుంది. చుక్క చెదరలేదు సరికదా, దారినపోయే ఆవిరి కూడా వచ్చి చేరింది. చుట్టూ ఉన్న చిన్న చుక్కలు ఇంకా పొగమంచులా తేలుతుంటే అవ్వ చుక్క బరువెక్కి కిందికి జారింది. దారిలో ఎదురైన చిన్న చుక్కలన్నిటినీ తనలో కలుపుకుంది. ఎంత పని చేశావే, ఎంతదానివే నువ్వు అని అవ్వ పొంగిపోయింది. ఉప్పురవ్వ పలకలేదు. పలకడానికి విడిగా ఎక్కడుంది గనుక!

గాలి లేచేలోపే వాన మొదలైంది. రాగి నారు తడిసి తల ఎత్తింది. ఆమె చేలో నిలబడి, నవ్వుతూ ఏడుస్తూ, దోసిలి పట్టింది. అవ్వ అందులోనే పడింది.

ఆమె దోసిలి నోటి దగ్గరికి తెచ్చుకుని ఒక గుక్క రుచి చూసింది.

"ఎంత స్వచ్ఛమైన నీళ్లు తల్లీ! ఇందులో ఏమీ కలవలేదు."

"కలిసిందమ్మా, కలిసింది!" అని దోసిట్లోంచి అవ్వ గొంతు చించుకుని అరిచింది.

ఆమె కళ్లు మూసుకుని మిగిలిన నీళ్లూ తాగేసింది.