రాణి తొట్టికి అంగుళం పైపు

"బుల్లెబ్బాయ్! ఒరేయ్ బుల్లెబ్బాయ్! పెళ్ళికొడుకు కారు దిగుతున్నాడ్రా, నీ బకెట్లు తీయరా బాబూ!"

రామభద్రరాజు గారి కేక కల్యాణ మండపమంతా మోగింది. బుల్లెబ్బాయి అప్పటికి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నోట్లో సన్నటి పైపు పెట్టుకుని తొట్టిలో నీళ్ళు లాగుతున్నాడు. ఆ కేకకి ఉలిక్కిపడి ఒక గుక్క చేపల నీళ్ళు మింగేశాడు.

ఈ బుల్లెబ్బాయి భీమవరంలో అద్దాల తొట్లు శుభ్రం చేసి, అందులో చేపల్ని కనిపెట్టుకుని ఉండేవాడు. చేతి పని బంగారమే గానీ, ఎవరి దగ్గర విన్న మంచి మాటైనా పొద్దుగూకేసరికి తన బుర్రలోనే పుట్టిందని చెప్పుకునేవాడు.

మా వైపు చెరువుల్లో చేపలు పెంచేవాళ్ళు వేలమంది ఉన్నారు. చేపని తూకం వెయ్యకుండా, ఊరికే చూసి మురిసిపోవడానికి పెంచేవాళ్ళు మాత్రం కొద్దిమందే, వాళ్ళలో మొదటివారు రామభద్రరాజు గారు. ఆయన మూడు కల్యాణ మండపాల్లో పెద్దదాని గుమ్మం దాటగానే ఎనిమిది అడుగుల పొడవు అద్దాల తొట్టి ఉండేది. అందులో ఒకే ఒక్క చేప, ఆరోవానా జాతిది. మూర పొడుగు, ఒళ్ళంతా బంగారు రేకులు. అది నెమ్మదిగా మలుపు తిరిగితే, ఎవరో పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ మేడ మెట్లు దిగుతున్నట్టు ఉండేది. దాని పేరు రాణి. రాణి దగ్గర ఫొటో దిగకుండా ఏ కొత్త జంటా ఆ మండపం దాటేది కాదు.

వేలెడంత పిల్లగా వచ్చిన రాణిని అంత చేసింది బుల్లెబ్బాయే. ఆదివారం వస్తే తొట్టిలో సగం నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పొయ్యాలి. సగమంటే ఏడువందల లీటర్లు. సన్న పైపుతో, బకెట్లతో నాలుగు గంటలు పట్టేది. తెల్లవారుజామున మొదలుపెట్టినా బ్యాండు మేళం వచ్చేసరికి పని సగంలోనే ఉండేది. ఆ రోజైతే పెళ్ళికొడుకు తమ్ముడు తడి గచ్చు మీద కాలు జారి, కొత్త పంచెతో సహా కూర్చుండిపోయాడు.

పెళ్ళివారు లోపలికి వెళ్ళాక రాజు గారు బుల్లెబ్బాయిని పక్కకి పిలిచారు. "చూడు. వచ్చే ఆదివారం కూడా ఇదే వరదైతే, రాణిని ఏలూరులో మా బావగారికి ఇచ్చేస్తాను. ఇక్కడ ప్లాస్టిక్ పూలకుండీ పెట్టిస్తాను. దానికి నీళ్ళు మార్చక్కర్లేదు" అన్నారు.

బుల్లెబ్బాయి తొట్టి వైపు తిరిగాడు. అద్దం వెనక నుంచి రాణి అతన్నే చూస్తోంది.

మర్నాడే బస్టాండు వెనక పంపులూ పైపులూ అమ్మే కొట్టుకి వెళ్ళాడు. కొట్టు యజమానికి మోకాళ్ళ నొప్పులు వచ్చినప్పటి నుంచి ఆయన కూతురు కస్తూరే దాన్ని చూసుకునేది. జడలో పెన్సిలు గుచ్చుకుని, ఎవరికి ఏ పంపు కావాలో రెండు ప్రశ్నల్లో తేల్చేసేది.

"కొట్లో ఉన్న వాటిలోకెల్లా పెద్ద పంపు ఇవ్వండి" అన్నాడు బుల్లెబ్బాయి.

"నీళ్ళు ఎంత దూరం పోవాలండీ? ఎంత ఎత్తెక్కాలి?"

"అవన్నీ ఎందుకండీ? పెద్దదివ్వండి చాలు."

ఆ పెద్ద పంపుని మండపానికి తెచ్చి, దాని మూతిని సన్నబరిచే ముక్క ఒకటి తగిలించి, తన పాత సన్న పైపు దానికి బిగించాడు. మీట నొక్కాడు. పంపు హుంకరించింది. కొసన నీళ్ళు మాత్రం దారంలా వచ్చాయి. కాసేపటికి ఆ ఒత్తిడికి పైపు ఊడి, పాములా లేచి, గోడ మీద వేలాడుతున్న రాజు గారి నాన్నగారి పటాన్ని తడిపేసింది.

పంపూ, తన సన్న పైపూ పట్టుకుని తిరిగి కొట్టుకొచ్చాడు. "మీ పంపులో దమ్ము లేదండీ."

కస్తూరి నవ్వింది. "పంపులో ఉందండి. మీరే దాని పీక నొక్కారు. కాలవంత నీటికి వేలెడు తూము పెట్టి, నీళ్ళు రావట్లేదని గోదారిని తిడితే ఎలాగండీ?"

పెద్ద పంపు వెనక్కి తీసుకుని, అరచేతిలో పట్టేంత చిన్నది బల్ల మీద పెట్టింది. "మీ రాణి తొట్టి ఊళ్ళో ఎవరికి తెలియదండీ? దానికి ఇది చాలు. దీని మూతి అంగుళం. పైపు కూడా అంగుళమే ఉండాలి. మధ్యలో ఎక్కడా సన్నబడకూడదు, మడత పడకూడదు. మీకు అవసరమైనంత పొడవే కోయించుకోండి. పైపు పెరిగిన కొద్దీ జోరు తగ్గుతుంది. పంపు నీళ్ళు పీల్చే వైపు ఈ జల్లెడ తొడగండి, లేకపోతే రాణి తోకని లాగేస్తుంది."

ఆమె పైపుని వేళ్ళతో కొలుస్తుంటే బుల్లెబ్బాయి ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. కొట్టులో రబ్బరు వాసన కూడా ఆ క్షణాన అతనికి మల్లెపూల వాసనలా ఉంది. అంతలో 'అంగుళం పైపు' అన్న మాట బుర్రకెక్కింది. మనసు మండపానికి పరుగెత్తింది.

"ఇంకా ఉందండి. తీసేటప్పుడు ఎంత జోరైనా పరవాలేదు. పోసేటప్పుడు మాత్రం..." అంటోంది కస్తూరి.

"అర్థమైపోయిందండీ!" అన్నాడు, సంచి అందుకుంటూ.

కస్తూరి గబగబా చిన్న వాల్వు ఒకటి సంచిలో పడేసింది. "ఇది ఎందుకో అడగరా?"

బుల్లెబ్బాయి స్కూటరు అప్పటికే సందు మలుపు తిరిగిపోయింది.

ఆదివారం తెల్లవారుజామున చిన్న పంపు తొట్టిలో మునిగింది. అంగుళం పైపు గుమ్మం బయట కాలువలోకి ఒక్క వంకర లేకుండా సాగింది. పావుగంటలో సగం తొట్టి ఖాళీ! మేడ మీది ట్యాంకు కుళాయికి అదే పైపు తగిలించి అరగంటలో నింపేశాడు. గచ్చు మీద చుక్క పడలేదు. బ్యాండు వాళ్ళు వచ్చేసరికి బుల్లెబ్బాయి తల దువ్వుకుని, తొట్టి పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

రాజు గారు అద్దం మీద చెయ్యి వేసి చూశారు. "ఎవరు చెప్పార్రా నీకీ కిటుకు?"

కస్తూరి పేరు బుల్లెబ్బాయి పెదాల దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. "ఎవరు చెప్తారండీ? నాలుగు రోజులు కూర్చుని ఆలోచించాను. నా బుర్రకే తట్టింది" అన్నాడు.

ఇంకేముంది! ఊళ్ళో అద్దాల తొట్టి ఉన్న ప్రతి హోటలు వాళ్ళూ, కంటి డాక్టరు గారూ అతన్ని పిలిపించుకున్నారు. 'అంగుళం బుల్లెబ్బాయి' అని పేరు పడిపోయింది. టీ కొట్టు దగ్గర నిలబడి, "కాలవంత నీటికి వేలెడు తూము పెడితే ఎలాగండీ?" అని చెయ్యి తిప్పుతూ చెప్పేవాడు. వినేవాళ్ళు ఔరా అనేవాళ్ళు.

ఒకరోజు వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "మాట బాగుందండీ బుల్లెబ్బాయి గారూ. ఎక్కడో విన్నట్టే ఉంది."

కస్తూరి! చేతిలో టీ ఫ్లాస్కుతో నిలబడి ఉంది. కోపంగా కూడా లేదు. ఫ్లాస్కు నింపించుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నుంచి బుల్లెబ్బాయి బస్టాండు వెనక సందులోకి వెళ్ళడం మానేశాడు. ఆ సందు ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చినా తల తిప్పుకునేవాడు. అతని పేరు ఊరంతా తిరుగుతుంటే, అతను మాత్రం ఒక్క సందులోకి తిరగలేకపోయాడు.

మే నెల వచ్చింది. ఎండకి తారు రోడ్డు చెప్పులకి అంటుకుంటోంది. ఆ రోజు మండపంలో పొద్దున ఒక పెళ్ళి, సాయంత్రం నాలుగింటికి ఇంకొకటి. పొద్దుటి పెళ్ళివారి పిల్లలు రాణికి ఆకలేస్తుందని జాలిపడి, రెండు గరిటెల బూందీ, దోసెడు పెరుగన్నం తొట్టిలో వేసి వెళ్ళారు. మధ్యాహ్నానికి నీళ్ళు పాలలా అయిపోయాయి.

"బుల్లెబ్బాయ్, సాయంత్రం వాళ్ళు రాణిని చూసే ఈ మండపం తీసుకున్నార్రా. మూడు గంటలే ఉంది" అన్నారు రాజు గారు కంగారుగా.

"మూడు గంటలెందుకండీ? గంట చాలు" అన్నాడు బుల్లెబ్బాయి.

వంటవాళ్ళు, పందిరి వాళ్ళు, ఇంకా వెళ్ళని చుట్టాలు చుట్టూ చేరారు. పావుగంటలో పాత నీళ్ళు సగం పోయాయి. చప్పట్లు కొట్టారు. బుల్లెబ్బాయి ఛాతీ పొంగింది. మేడ మీది ట్యాంకు కుళాయికి పైపు తగిలించి పూర్తిగా తిప్పేశాడు. నీళ్ళు దూకుతున్నాయి. జానెడు నిండాయి.

ఉన్నట్టుండి రాణి గిర్రున తిరిగింది. పక్కకి ఒరిగింది. నోరు నీటి పైకి పెట్టి గాలి కోసం గుటకలు వెయ్యడం మొదలుపెట్టింది.

బుల్లెబ్బాయి తొట్టిలో చెయ్యి పెట్టి చురుక్కుమనడంతో వెనక్కి తీసేశాడు. పైపులోంచి వచ్చేవి స్నానానికి కాచినట్టున్న నీళ్ళు! ఇన్నాళ్ళూ తెల్లవారుజామున పోశాడు కాబట్టి తెలియలేదు. ఎండలో ఆ నల్ల ట్యాంకు పొయ్యి మీది డేగిసాలా కాగిపోయింది.

"ఏమైందిరా? చెప్పరా! నీ బుర్రలో పుట్టిందే కదా ఇదంతా, ఏం చెయ్యాలో నీకే తెలియాలి!" అన్నారు రాజు గారు.

బుల్లెబ్బాయి తన బుర్రంతా వెతుక్కున్నాడు. అక్కడ అంగుళం పైపు తప్ప ఇంకేమీ లేదు. అది కూడా తనది కాదు.

కుళాయి కట్టేసి, "ఒక్క నిమిషమండీ" అని వంటశాల వెనక్కి పరుగెత్తి ఫోన్ చేశాడు.

"కస్తూరి గారూ, రాణి పడిపోయిందండీ."

అవతల ఎత్తిపొడుపు రాలేదు. "ఏ నీళ్ళు పోశారు?"

"మేడ మీది ట్యాంకువండీ."

"మిట్టమధ్యాహ్నం! ఆ రోజు నేను చెప్పబోయింది అదేనండి. సరే, వినండి. ఈసారి చివరిదాకా వినండి. పోసిన ఆ వేడినీళ్ళు మీ పంపుతోనే మళ్ళీ లాగెయ్యండి. వంటశాలలో నీడన నిన్న పట్టిన నీళ్ళేమైనా ఉన్నాయా?"

"గంగాళాల నిండా ఉన్నాయండి."

"తర్వాత పంపుని గంగాళంలో వెయ్యండి. సంచిలో వాల్వు ఉంది కదా, పైపుకి తగిలించి, సన్నటి ధార వచ్చేదాకా తిప్పండి. చల్లగా ఉన్నాయి కదా అని ఒక్కసారి పోశారో, దాని గుండె ఆగిపోతుంది. కొంచెం కొంచెంగా కలపాలి. తొట్టిలో బుడగలు వదిలే గాలి మోటారు ఆపొద్దు. నేను బయలుదేరుతున్నా."

ఎన్నో వారాలుగా సంచి అడుగున పడి ఉన్న వాల్వుని బుల్లెబ్బాయి తీసి తుడిచాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. జోరుకి పేరుపడిన అంగుళం పైపు, ఇప్పుడు పసిబిడ్డకి ఉగ్గు పట్టినట్టు సన్నగా ధార కట్టింది. అతను అద్దానికి నుదురు ఆనించి, "లేమ్మా, లే తల్లీ" అంటూ కూర్చున్నాడు. అరగంట గడిచింది. ముప్పావుగంట గడిచింది.

రాణి రెక్క ఒకటి కదిలింది. తోక కదిలింది. తర్వాత ఆ బంగారు ఒళ్ళు నిదానంగా నిటారుగా నిలిచి, ఏమీ జరగనట్టు ఒక మలుపు తిరిగింది.

మండపం గోలెత్తిపోయింది. రాజు గారు కళ్ళు తుడుచుకుని, వియ్యంకుల మర్యాదకి దాచిన జరీ శాలువా తెప్పించారు. "చూశారా, ఇదీ మా భీమవరం బుర్ర! రేపట్నుంచి నా మూడు మండపాల్లో తొట్లూ వీడి చేతి కిందే!" అంటూ శాలువా విప్పారు.

అప్పుడే గుమ్మంలో కస్తూరి స్కూటరు ఆగింది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయి, ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. "అమ్మాయ్, కాస్త పక్కకి జరుగు, సన్మానం జరుగుతోంది" అన్నాడు పందిరి మేస్త్రి. ఆమె పక్కకి జరిగింది. ఆమె చూపు శాలువా మీద లేదు, బుల్లెబ్బాయి మీదా లేదు. రాణి మీదే ఉంది. రాణి బాగానే ఉందని చూసి, చిన్నగా నవ్వుకుని వెనక్కి తిరగబోయింది.

శాలువా బుల్లెబ్బాయి భుజం మీద పడింది. అది అతనికి ట్యాంకు నీళ్ళకన్నా వేడిగా తగిలింది. రెండు చేతులతో తీశాడు. జనాన్ని దాటుకుంటూ గుమ్మం దాకా నడిచి, ఆ శాలువాని కస్తూరి చేతుల్లో పెట్టాడు. అందరివైపూ తిరిగాడు. అంతకు ముందెప్పుడూ అతని తల అంత ఎత్తున లేదు.

"రాజు గారూ, అంగుళం పైపు నాది కాదండీ. కస్తూరి గారిది. జల్లెడా ఆవిడదే, కాలవా తూమూ అన్న మాటా ఆవిడదే. ఇప్పుడు రాణిని బతికించింది కూడా ఫోన్లో ఆవిడే. ఇన్నాళ్ళూ మీ అందరికీ అబద్ధం చెప్పాను. ఇందులో నాది ఒక్కటే ఉందండీ, ఆవిడ ఇంకా చెబుతుండగానే సగంలో వెళ్ళిపోవడం. అది మాత్రం అచ్చంగా నా బుర్రలోనే పుట్టింది."

నీతి: ఒకరి దగ్గర నేర్చుకున్నదాన్ని తనదని చెప్పుకునేవాడికి ఆ విద్య సగమే దక్కుతుంది, నేర్పినవారి పేరు నలుగురిలో చెప్పగలగడమే అసలైన గొప్పతనం.