ఏమైందని అడిగిన తీతువు

అనగనగా ఒక పెద్ద అడవి, ఆ అడవిని రెండుగా చీలుస్తూ ఒక ఏరు, ఆ ఏటి మధ్యలో ఒక ఇసక తిన్నె. ఆ తిన్నె మీద ఒక తీతువు పిట్ట కాపురం. దాని పేరు ఇసకమ్మ.

తీతువు పిట్టని చూశారా మీరు? పొడుగు కాళ్లు, కళ్ల ముందు ఎర్రటి తోలు. అది చెట్టెక్కి గూడు కట్టదు. నేల మీదే, గులకరాళ్ల మధ్య ఇంత గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కూడా అచ్చం గులకరాళ్లలాగే ఉంటాయి. పక్కనే నిలబడ్డా కనిపెట్టలేం.

ఆ ఏడు ఇసకమ్మ నాలుగు గుడ్లు పెట్టింది. ఇక చూడాలి దాని సంబరం! పొద్దున్నే వాటి మీద సర్దుకుని కూర్చునేది. ఎండెక్కితే ఏట్లో మునిగొచ్చి, తడి పొట్టతో వాటికి చల్లదనం ఇచ్చేది. పొద్దస్తమానం వాటితో కబుర్లే.

"నా బంగారాల్లారా, ఇవాళ గాలి చల్లగా ఉందర్రా. మీ నాన్న పురుగులు తేవడానికి వెళ్లాడు, ఇంకా రాలేదు చూడండి."

దాని మొగుడు గులకయ్య విని నవ్వేవాడు. "ఏమే, గుడ్లకి చెవులుంటాయా?"

"లేకపోతే పోనీ. చెప్పడానికి నాకు నోరుంది కదయ్యా" అనేది ఇసకమ్మ.

ఆ అడవిలో పూర్వం ఒక అలవాటుండేది. ఇప్పపూలు రాలే రోజుల్లో జంతువులన్నీ ఈ తిన్నె మీదికే వచ్చేవి. మోదుగాకులు పరిచేవి. ఏనుగు వెదురు చిగుళ్లు తెచ్చేది. ఎలుగుబంటి తేనెపట్టు తెచ్చేది. కుందేలు తన మూతికి పట్టినంత గరిక తెచ్చేది. అన్నీ ఒకే విస్తరిలో కలుపుకుని తినేవి. దానికే పొత్తు అని పేరు. ఒకే ఆకులో తిన్నవాళ్లు పొత్తు కలిసినవాళ్లు. అంతకు మించి ఆ మాటకి వేరే అర్థం లేదు.

మరి ఏ పురుగు కుట్టిందో ఏమో, ఒక ఏడు ఎగువ గట్టు ఏనుగు వెళ్లి అడవిపంది చెవిలో ఊదింది. "నీ మీదికి ఎవరైనా వస్తే నేనొస్తా. నా మీదికి వస్తే నువ్వు రావాలి."

పంది సరేనంది. ఆ సంగతి దిగువ గట్టు అడవిదున్నకి తెలిసింది. 'వీళ్లిద్దరూ ఎవరి మీదికి పోవడానికి కలిశారో' అని దానికి భయం పట్టుకుంది. వెళ్లి ఎలుగుబంటితో జట్టు కట్టింది. ఆ జట్టుని చూసి ఏనుగుకి భయం వేసింది. నెమలినీ కుందేలునీ కలుపుకుంది. అది చూసి దున్నకి ఇంకా భయం వేసింది. కొండముచ్చునీ ముంగిసనీ కలుపుకుంది.

చూశారా, ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. ఉన్నదల్లా భయమే. భయపడి భయపడి అడవంతా రెండు ముక్కలైంది. అవతలి అడవుల్లో, పై కొండల్లో ఉన్న చుట్టపక్కాలు కూడా అయితే ఇటు, కాకపోతే అటు చేరిపోయాయి.

దీన్ని కూడా అందరూ పొత్తు అనే అన్నారు. మాట అదే. ఆకు లేదు, అందులో తిండి లేదు. తిండికి బదులు ఒక ఒట్టు వచ్చింది. మనవాడు కేక వేస్తే పరిగెత్తాలి. 'ఏమైంది' అని అడగకూడదు. అడిగినవాడు పిరికివాడు.

ఏటి మధ్యలో ఉన్న ఇసకమ్మ మాత్రం ఏ గట్టుకీ చెందలేదు. కానీ దాని గొంతు ఎలాంటిదనుకున్నారు? ఒక్కసారి "కీ!" అందంటే రెండు గట్లూ ఉలిక్కిపడేవి. ఆ గొంతు మా పక్కన ఉండాలంటే మా పక్కన ఉండాలని ఇద్దరూ పట్టుబట్టారు.

ముందు ఎగువ గట్టు నుంచి నెమలి వచ్చింది. తోక సర్దుకుంటూ, "ఇసకమ్మా, నా పాట నీకు తెలుసు, నీ పాట నాకు తెలుసు. పాటగాళ్లం మనం మనం ఒకటి. మాలో చేరు" అంది.

"నాది పాటేంటి బావా, అరుపు! నువ్వు మరీ మొహమాటపెడుతున్నావు" అని నవ్వి పంపేసింది.

తర్వాత దిగువ గట్టు నుంచి కొండముచ్చు వచ్చింది. దానికి తీపి మాటలు చేతకావు. "నేల మీద గుడ్లు పెట్టుకుని ఎవరితోనూ చేరనంటావేంటి? రేపు ఏదైనా జరిగితే మమ్మల్ని అనొద్దు" అని పళ్లు చూపించింది.

"నీ పళ్లు బాగున్నాయిలే, వెళ్లిరా" అంది ఇసకమ్మ. అందే గానీ, గుడ్ల మీద ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

మూడోసారి ఏనుగే స్వయంగా వచ్చింది. ఏట్లో మోకాళ్ల లోతున నిలబడి మెల్లగా అంది. "తల్లీ, నువ్వు మాలో చేరితే నీ గుడ్ల మీద ఈగని కూడా వాలనివ్వను. నువ్వు చేయాల్సింది ఒకటే. మా గట్టు మీద ఎవరు కేక వేసినా, ఆకాశంలోకి లేచి ఆ కేక అందరికీ వినపడేలా అందుకో. అంతే."

ఇసకమ్మ మొగుడి వంక చూసింది. గులకయ్య గొంతు తగ్గించి, "మనకెందుకే ఈ గట్ల గొడవ?" అన్నాడు.

"నాకు మాత్రం ఎందుకయ్యా? పిల్లల కోసం. అంత పెద్ద మనిషి కాపలా ఉంటానంటే కాదంటామా?"

అలా ఇసకమ్మ ఒట్టు వేసింది.

కొన్నాళ్లు అంతా బాగానే ఉంది. ఇప్పపూలు రాలడం మొదలైంది. ఒక పొద్దున ఇప్పచెట్టు కింద దిగువ జట్టు ముంగిస నేల తవ్వుతోంది. పురుగు కోసం. పక్కనే ఎగువ జట్టు కుందేలు పూలు ఏరుకుంటోంది. ముంగిస గోళ్లు పడి దుమ్ము లేచింది. లేచిన దుమ్ము వెళ్లి కుందేలు కంట్లో పడింది.

కుందేలు సంగతి తెలుసు కదా. "చచ్చానోయ్! ముంగిస నన్ను చంపేసిందోయ్!" అని అరుస్తూ అడ్డదిడ్డంగా పరిగెత్తింది.

ఇసకమ్మ ఆకాశంలోకి లేచింది. పైనుంచి చూసింది. నెత్తురు లేదు. దెబ్బ లేదు. కుందేలు ఒక కన్ను మూసుకుని గెంతుతోంది, అంతే. ముంగిస నోరు తెరుచుకుని నిలబడి ఉంది. కిందికి దిగి ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఇసకమ్మ రెక్కలు దిగబోయాయి కూడా. అంతలో ఒట్టు గుర్తొచ్చింది. అడిగినవాడు పిరికివాడు. ఒట్టు తప్పితే ఏనుగు కాపలా మానేస్తుంది. అప్పుడు గుడ్లో?

"కీ! కీ! కీ!" అని అరిచేసింది.

ఆ అరుపు నెమలి అందుకుంది. నెమలి అరుపు పంది అందుకుంది. పంది వెళ్లి ఏనుగుని లేపింది. ఏనుగు కదిలితే అవతలి గట్టుకి కనపడకుండా ఉంటుందా? కొండముచ్చు చెట్టు కొమ్మ ఊపింది. ఎలుగు లేచింది. దున్న కొమ్ములు దించింది. కాసేపట్లో రెండు గట్లూ ఏట్లోకి దూకాయి.

ఏరు దాటడానికి లోతు తక్కువ చోటు ఒక్కటే ఉంది. ఇసక తిన్నె.

ఇసకమ్మ పైనుంచి చూస్తూనే ఉంది. అటు నుంచి కాళ్లు, ఇటు నుంచి కాళ్లు. "ఆగండి! అక్కడ నా గుడ్లు!" అని అరిచింది. దాని అరుపు అందరికీ 'ఇంకా రండి, ఇంకా రండి' అన్నట్టే వినపడింది. అప్పటిదాకా అది అరిచింది దానికేగా మరి.

ధూళి అణిగాక దిగి చూస్తే మూడు గుడ్లు చితికిపోయాయి. ఏనుగు పాదమో దున్న గిట్టో, ఎగువదో దిగువదో, పెంకు మీద రాసి ఉండదు కదా. నాలుగో గుడ్డు ఒక రాయి సందులోకి దొర్లి మిగిలింది. ఇసకమ్మ ఏడవలేదు. ఆ ఒక్కదాన్నీ పొట్ట కిందికి లాక్కుని కూర్చుండిపోయింది. గులకయ్య పెంకుల మీద ముక్కుతో ఇసక కప్పాడు.

యుద్ధం ఆ రోజుతో ఆగలేదు. దున్న మేనల్లుళ్లు పై కొండల నుంచి దిగారు. పంది వియ్యాలవారు అవతలి అడవి నుంచి వచ్చారు. ఆకాశంలో గబ్బిలాలు, నీళ్లలో మొసళ్లు. ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న తాబేళ్లకి కూడా కబురు వెళ్లిందట. అవి బయల్దేరాయి పాపం, ఇంకా దారిలోనే ఉన్నాయి. లోకంలో కాలూ రెక్కా ఉన్న ప్రతిదీ ఏదో ఒక పక్క కొట్టుకుంటోంది. నెమలికి తోక లేదు. పందికి కోర లేదు. ఎలుగు కుంటుతోంది. తల్లి రాని గుంటల్లో పిల్లలు ఎదురుచూస్తున్నాయి. రాలిన ఇప్పపూలన్నీ తొక్కుడు పడి బురదైపోయాయి. తినడానికి ఎవరికీ తీరికే లేదు.

ఇసకమ్మ రాయి పక్కనే కూర్చుని గుడ్డుతో చెప్పుకునేది. "నేను అడగాల్సింది రా కన్నా. 'ఏం, ఏం, ఏమైంది?' అని ఒక్క మాట. ఎంతసేపు పట్టేది? ఏం, ఏం, ఏమైంది? అంతే కదా." పగలంతా అదే మాట, పిచ్చిదానిలా. గులకయ్య వింటూ పక్కనే ఉండేవాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

ఒకనాడు రెండు పక్షాలూ ఉన్నవాళ్లందర్నీ కూడగట్టుకుని కదిలాయి. ఇవాళతో తేలిపోవాలన్నాయి. తిన్నె మీద ఒక్క రాయి కూడా మిగిలేలా లేదు. గులకయ్య గాభరా పడ్డాడు. "లేవవే! నీ ప్రాణమైనా దక్కించుకో!"

ఇసకమ్మ లేచింది. కానీ ఎగరలేదు. గుడ్డుకి అడ్డంగా వచ్చి, రెండు రెక్కలూ చాపి, పొడుగు కాళ్ల మీద నిటారుగా నిలబడింది. ఎదురుగా ఏనుగు. ఎత్తిన పాదం కింద అరచెయ్యంత పిట్ట.

"అడ్డు లే తల్లీ" అంది ఏనుగు.

"లేస్తాను మామా. ముందు ఒకటి చెప్పండి. ఏం, ఏం, ఏమైంది?"

ఏనుగు చెవులు ఆడడం మానేశాయి. "అడగకూడదని ఒట్టుంది కదా!"

"ఆ ఒట్టు నేను తెంపేశాను. పిరికిదాన్నే అనుకోండి. అడిగేది నేను, మీరు చెప్పండి చాలు. దేనికోసం కొట్టుకుంటున్నాం?"

ఏనుగు నోరు తెరిచింది. తొండంతో నుదురు గోక్కుంది. ఎంత గోక్కున్నా ఏమీ గుర్తు రాలేదు. ఎత్తిన పాదాన్ని పక్కకి దింపి వెనక్కి తిరిగింది. "పందీ, ఏమైంది?"

"నాకేం తెలుసు? నెమలి అరిచింది."

"నెమలీ?"

"తీతువు అరిచింది."

అందరి కళ్లూ ఇసకమ్మ మీదికి తిరిగాయి. అది తల దించుకోలేదు. "అవును. కుందేలు అరిస్తే అరిచాను. దెబ్బ లేదని పైనుంచి కళ్లారా చూశాను. చూసి కూడా అడగలేదు. కుందేలు తమ్ముడూ, ఇప్పుడడుగుతున్నా. ఆ రోజు ఏమైంది నీకు?"

గుంపులో వెనక్కి వెనక్కి జరుగుతున్న కుందేలుని అందరూ ముందుకి నెట్టారు. అది చెవులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"కంట్లో... దుమ్ము పడింది."



అవతలి నుంచి ముంగిస ఏడుపు గొంతుతో అంది. "ఊది తీసేద్దామనే అనుకున్నాన్రా ఆ రోజు! నువ్వు ఆగితే కదా!"

"మరి మీరెందుకు వచ్చారు?" అని ఏనుగు దున్నని అడిగింది.

"మీరు వస్తున్నారని వచ్చాం" అంది దున్న నేల చూస్తూ.

అప్పుడు ఏనుగు కాళ్ల దగ్గర, ఇసకలోంచి తేలిన పెంకు ముక్కలు కనపడ్డాయి. "ఇవేంటి తల్లీ?"

"మీరు ఈగని కూడా వాలనివ్వనన్న గుడ్లు మామా."

అంత పెద్ద ఏనుగూ కూలబడిపోయింది. దాని కళ్లలోంచి నీళ్లు కారి ఇసక తడిసింది. ఇసకమ్మ దగ్గరికెళ్లి దాని పాదానికి రెక్క ఆనించి నిలబడింది. కోపం లేదని కాదు. కానీ, కేక వేసిన గొంతు తనది కూడాను.

కాసేపటికి ఏనుగు లేచింది. వెళ్లి ఒక మోదుగ కొమ్మ విరుచుకొచ్చింది. ఆకులు తుంచి తిన్నె మీద పరిచింది. ఎలుగుబంటి కుంటుకుంటూ వెళ్లి, ఎండిపోయిన తేనెపట్టు ముక్క ఒకటి తెచ్చింది. దున్న ఇప్పచెట్టుని కొమ్ములతో ఊపి, చిటారు కొమ్మల్లో ఇంకా రాలకుండా మిగిలిన పూలు రాల్చింది. కుందేలు మూతికి పట్టినంత గరిక తెచ్చి, ముంగిస వైపు జరిపింది. ముంగిస గరిక తినదు. అయినా ఒక పరక నోట్లో పెట్టుకుంది.

అందరూ ఒకే ఆకులో తిన్నారు. తిండి చాలలేదు. అయినా ఎవరూ ముందు లేవలేదు.

సరిగ్గా అప్పుడు సముద్రం ఒడ్డు తాబేళ్లు రొప్పుకుంటూ వచ్చాయి. "ఎక్కడ? యుద్ధం ఎక్కడ? మేము ఏ పక్కనో చెప్పండి!"

"అయిపోయింది తాతల్లారా. ఇలా ఈ పక్కన కూర్చోండి, తిందురుగాని" అంది ఇసకమ్మ.

అంతలో రాయి సందులోంచి టిక్కుమని చప్పుడు. గుడ్డు పగిలింది. తడి తడిగా, ఇంతింత కాళ్లతో ఒక పిల్ల బయటికొచ్చింది. చుట్టూ చూసింది. ఏనుగు, దున్న, ఎలుగు, పంది, తోక లేని నెమలి, గరిక నములుతున్న తాబేళ్లు. ఇంత మందిని చూసి అది మెడ సాచి మొట్టమొదటి కూత కూసింది.

"ఏం? ఏం? ఏమైందీ?"

అడవంతా నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది.

గులకయ్య కళ్లు తుడుచుకుంటూ పెళ్లాం వైపు జరిగాడు. "నిజమేనే, గుడ్లకి చెవులుంటాయి."

ఆ నాటి నుంచి తీతువులన్నీ అదే కూత కూస్తాయి. ఏటి గట్టున నడిచేటప్పుడు చెవి పెట్టి వినండి. "ఏం? ఏం? ఏమైందీ?" అని వినపడుతుంది. వింటే ఒక్క క్షణం ఆగండి నాన్నా. అది మనల్నే అడుగుతోంది.

నీతి: పొత్తు కలిసి తినడానికి పెట్టుకోవాలి గానీ కలిసి కొట్టుకోవడానికి కాదు. మనవాడే కేక వేసినా, పరిగెత్తే ముందు 'ఏమైంది' అని ఒక్క మాట అడగాలి.