ఫ్యాను ఆపిన గది

ఎవరేం అడిగినా సత్యవేణమ్మ గారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "పద," అని చెప్పులు వేసుకునేవారు. ఎక్కడికని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఏదో ఘోరం చూసి, దాన్ని మరిచిపోలేక మందుకూ గంజాయికీ అలవాటుపడ్డ కాలేజీ పిల్లల చేత ధ్యానం చేయించి, వాళ్లను మెల్లగా ఇవతలికి లాగడం ఆవిడ పని. ఆ పని నేర్చుకోవడానికి ఆవిడ దగ్గర చేరిన అమ్మాయి ప్రణతి.

ప్రణతి చురుకైన పిల్ల. నిజానికి కాస్త ఎక్కువే చురుకు. సొంతంగా ఒక తరగతి నడపమని అప్పగించగానే తలుపులు వేయించింది, ఫ్యాను ఆపించింది. గాలి చప్పుడు లేకపోతేనే ఎవరి ఊపిరి వాళ్లకు వినపడుతుందని ఆమె నమ్మకం. పిల్లలు చెమటలు కక్కుతూ కూర్చునేవారు. "ఊపిరి వినండి, ఇంకేమీ వద్దు," అనేది. కొందరు మందు మానేశారు కూడా. వీరబాబు అనే కుర్రాడు మాత్రం ఒక్క తరగతీ ఎగ్గొట్టకుండా వచ్చి, అంతకు ముందుకన్నా ఎక్కువ తాగి, చివరికి ఆసుపత్రి పాలయ్యాడు.

ఆ కబురు తెలిసిన రోజు ప్రణతికి అన్నం సహించలేదు. "అమ్మగారూ, లోపం ధ్యానంలో ఉందా, వాడిలో ఉందా?" అని అడిగింది. తనలో ఉందేమోనన్న మాట నోటిదాకా వచ్చింది గానీ పైకి రాలేదు.

"పద," అన్నారావిడ.

ఆసుపత్రికి వెళ్లేసరికి, లివర్ పూర్తిగా పాడైందని, ఇక తమ చేతుల్లో ఏమీ లేదని డాక్టరు గుమ్మంలోనే చెప్పాడు. లోపల వీరబాబు ఒక్కడే పడుకుని ఉన్నాడు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఇరవై ఏళ్లు నిండని పిల్లాణ్ని అలా చూసేసరికి ప్రణతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఏం చేయాలో తోచక, తనకు తెలిసిందే చేసింది. తలుపు దగ్గరగా వేసి, ఫ్యాను ఆపి, మంచం పక్కన కూర్చుంది.

"ఊపిరి మీద మనసు పెట్టు నాన్నా."

వాడు మంచం మీద ఎగిరిపడ్డాడు. "ఫ్యానెయ్యండి మేడం గారూ! మీకు దండం పెడతాను, ఫ్యానెయ్యండి!"

సత్యవేణమ్మ గారు వెళ్లి స్విచ్ నొక్కారు. రెక్కలు టకటకమంటూ తిరగడం మొదలయ్యాక వాడు తేరుకున్నాడు.

"ఇల్లు కూలినప్పుడు మా చెల్లి నా పక్కనేనండి, మట్టికింద. చీకట్లో మనిషి కనపళ్లేదు. ఊపిరొక్కటే వినపడేదండి. అది ఆగేదాకా విన్నాను. చప్పుడు లేకపోతే చాలండి, మళ్లీ మొదలవుద్ది. మందు పడితేనే ఊరుకుంటుంది."

"మరి నా తరగతికి ఎందుకొచ్చావురా?" ప్రణతి వాడి మీదికి వంగి అడిగింది.

"మీరు తగ్గుద్దన్నారు కదండీ."

బయటికొచ్చి ప్రణతి మెట్ల మీద కూలబడింది. చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "అందరికీ వాణ్నే చూపించేదాన్ని అమ్మగారూ. కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి కూర్చునేవాడు. వినడమంటే అదీ, చూసి నేర్చుకోండి అనేదాన్ని."

సత్యవేణమ్మ గారు ఆమె పక్కనే కూర్చున్నారు. గదిలోని ఫ్యాను చప్పుడు మెట్ల దాకా వినిపిస్తూనే ఉంది.

"వినడం వాడికి ముందే వచ్చు తల్లీ," అన్నారు.