పద్నాలుగు పళ్ళ చక్రం

నెలరోజులు ఒళ్ళు వంచి బాగుచేసిన బండి కొండ ఎక్కడం లేదని, దాని సొంతదారు చెన్నప్ప వచ్చి చెప్పేసరికి ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది.

మదనపల్లెలో దస్తగిరి ఉస్తాద్ షెడ్డులో పన్నెండేళ్ళుగా పని నేర్చుకుంటున్నవాడు ఓబులేసు. అరవైల నాటి ఆ మోటారు సైకిలు కంపెనీలోంచి దిగిన రోజు ఎట్లా ఉందో అట్లా చేసి చూపిస్తానని పంతం పట్టాడు. ఎక్కడెక్కడో వెతికి దాని పాత పుస్తకం సంపాదించాడు. ఇంజను దగ్గర చైను తిప్పే చిన్న పళ్ళచక్రం ఉంటుందే, దానికి పదిహేడు పళ్ళుండాలని ఆ పుస్తకంలో ఉంది. బండికి ఉన్నది పద్నాలుగు. పీకేసి పదిహేడు పళ్ళది బిగించాడు.

"ఎవడో బుద్ధిలేనోడు పద్నాలుగు వేసినాడు ఉస్తాద్."

"నేనే వేసినా," అన్నాడు ఉస్తాద్, టీ ఊదుకుంటూ. "ఈ చెన్నప్ప వాళ్ళ నాయన కోసం."

ఓబులేసు నాలిక కరుచుకున్నాడు. అయినా తగ్గితేనా! "పళ్ళు తగ్గితే లాగుడు పెరుగుతాది, ఒప్పుకుంటా. కానీ స్పీడు పోతాది గదా! ఇప్పుడు చూడండి, గాల్లో పోతాంది. నేను కొండ మీదికి పోయొచ్చినా గదా, ఎక్కింది."

"నాకెందుకబ్బా స్పీడు?" అన్నాడు చెన్నప్ప. "నేనూ, నా భార్యా, రెండు డబ్బాల ఇడ్లీ పిండీ. మూడో మలుపులో ఆగిపోతాంది. ఆమె దిగి ఒక డబ్బా నెత్తిన పెట్టుకొని నడుస్తాంది. ఏడుకల్లా పొయ్యి వెలిగించకపోతే కొండమీదికొచ్చినోళ్ళు వేరే అంగడికి పోతారు. మాకు కూడు ఆ ఇడ్లీలే."

ఉస్తాద్ టీ గ్లాసు కింద పెట్టాడు. చెన్నప్ప డబ్బాలు రెండూ నీళ్ళతో నింపించి బండికి కట్టించాడు. ఓబులేసును నడపమని, తను వెనక ఎక్కి కూర్చుని, "పోనీ" అన్నాడు.

మూడో మలుపులో బండి దగ్గింది, ఎగిరెగిరి పడింది, ఆగింది.

ఉస్తాద్ దిగాడు. తాడు విప్పి ఒక డబ్బా భుజానికెత్తుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. ఆ ఎండలో ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాడు.

"అయ్యో ఉస్తాద్! మీ కాళ్ళు పట్టుకుంటా, దించండి!"

"నువ్వు పో బేటా. నువ్వొక్కడివే అయితే ఎక్కుతాది గదా."

ఓబులేసుకు పోవడానికి మనసెట్లా ఒప్పుతుంది? ఇంజను ఆపేసి, బండి తోసుకుంటూ వెనకే నడిచాడు. పైదాకా ఉస్తాద్ డబ్బా దించలేదు. ఓబులేసుకు ఏడుపొచ్చింది, అంతకు మించి సిగ్గేసింది.

మర్నాడే పనిలోకి దిగాడు. పీకేసిన పాత చక్రం పళ్ళు అరిగి కొక్కేల్లా ఉన్నాయి, మళ్ళీ బిగించడానికి పనికిరాదు. ఆ బండికి సరిపోయే పద్నాలుగు పళ్ళది ఎక్కడా దొరకలేదు. వేరే బండి చక్రం తెచ్చి, లేతు మిషను మీద దాని నడిమి భాగం కోయించి, ఈ బండి ఇరుసుకు పట్టే పాతదాని నడిమి భాగం అందులో అతికించాడు. మొదటిది వంకరగా తిరిగింది. రెండోది చైనును పక్కకు లాగింది.

"వదిలెయ్ సామీ, అయ్యే పని గాదు," అన్నాడు లేతు రంగన్న.

"ఇంకోటి తెచ్చినా. పెట్టు."

మూడోది సరిగ్గా కూర్చుంది. చైను కురచ చేసి బిగించాడు.

నాలుగో రోజు తెల్లవారుతూనే పిండి డబ్బాలు రెండూ కట్టి, చెన్నప్ప భార్య సుబ్బరత్నను వెనక కూర్చోబెట్టుకుని కొండకు బయల్దేరాడు.

మూడో మలుపులో ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. డబ్బా ఎత్తుకోవడానికి తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుని తయారుగా ఉన్నాడు.

సుబ్బరత్న అలవాటుగా ఓబులేసు భుజం తట్టింది. "ఆపబ్బా, దిగుతా. పెద్దాయన గూడా నిలబడుండాడు."

"ఆపను. గట్టిగా పట్టుకోక్కా."

బండి మెల్లగా, గురగురమంటూ ఉస్తాద్ ముందునుంచే ఎక్కిపోయింది. ఓబులేసు తల తిప్పలేదు. సలాం కూడా చెయ్యలేదు. పళ్ళు బిగించి రోడ్డునే చూశాడు.

మొదటి వాయి ఇడ్లీలు దిగినాక అతను కిందికి వచ్చాడు. ఉస్తాద్ ఇంకా ఆ మలుపులోనే గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"మీకు సలాం గూడా చెయ్యకుండా పోయినా ఉస్తాద్. తప్పయింది."

ఉస్తాద్ భుజం మీది తువ్వాలు దులిపి, మొహం తుడుచుకుని, బండి ఎక్కాడు.

"ఆగి చేసుంటే తిట్టేవాణ్ణి," అన్నాడు.