అత్తగారి బాప్తిస్మం

ఆ రోజుల్లో నా బాధల్లా ఒక ముక్కాలిపీట.

సిరియాలో మా చిన్న ఊరి ప్రార్థన ఇంట్లో, సంఘపెద్ద మారూతా అయ్యగారి పక్కన ఆ పీట ఒక్కటే ఉండేది. దానిమీద షమూనీ అనే ముసలి సంఘ పరిచారకురాలు కూర్చునేది. నన్ను కూడా కొత్తగా పరిచారకుణ్ణి చేశారు గానీ, గుమ్మం దగ్గర చెప్పులకు కాపలా పెట్టారు. అంతకుముందు గాడిదలు తోలేవాణ్ణి. చదువు నా అంతట నేనే నేర్చుకున్నాను. అందుకని నాకు రానిది లేదనుకునేవాణ్ణి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "అయ్యగారూ, ఆవిడ చేసే పనుల్లో నేను చెయ్యలేనిది ఏముందండీ?"

ఆయన గూట్లోంచి నూనె జాడీ తీసి నా చేతిలో పెట్టారు.

"రేపు బాప్తిస్మాలున్నాయి. నూనె నువ్వే రాయి. షమూనీని రావద్దంటాను."

మా దగ్గర బాప్తిస్మానికి వచ్చినవాళ్ళు ఒంటిమీది బట్టలన్నీ విడిచేసి, తల నుంచి పాదాల దాకా నూనె రాయించుకుని నీళ్ళలోకి దిగాలి. అది నాకు తెలుసు. రేపు దిగేదెవరో మాత్రం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇంట్లో నూనె రాసేటప్పుడు చెప్పే ప్రార్థన వల్లెవేస్తుంటే మా ఆవిడ పిండి పిసుకుతూ నవ్వింది. నా గొంతు నచ్చిందనుకున్నాను.

పొద్దున్నే వెళ్ళి నీళ్ళ తొట్టి ముందు కట్టిన తెర పక్కకి లాగబోయాను. లోపలినుంచి మా అత్తగారి గొంతు.

"ఎవరది? అల్లుడుగారా?"

ఆవిణ్ణి ఆ నీళ్ళ తొట్టి దాకా తీసుకురావడానికి మా ఆవిడకి మూడేళ్ళు పట్టింది.

"నేనేనండీ," అన్నాను. "నూనె..."

ఆవిడ లోపలున్న ఆడవాళ్ళతో నిదానంగా అన్నారు. "నా బట్టలిలా ఇవ్వండమ్మా. ఇంటికి పోతాను."

జాడీ గుండెకి హత్తుకుని పరిగెత్తాను. షమూనీ తన ఇంటి వాకిట్లో ఎండకి కూర్చుని శనగలు ఏరుకుంటోంది. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆవిడ ఎందుకని అడగలేదు.

"నూనె ఒలకలేదు కదా నాయనా?" అని, చేతులు కడుక్కుని బయల్దేరింది.

వెళ్ళేసరికి అత్తగారు సగం బట్టలు కట్టేసుకున్నారట. షమూనీ తెర వెనక్కి వెళ్ళి ఏం చెప్పిందో నాకు తెలీదు. మధ్యాహ్నానికి మా అత్తగారు తడి జుట్టుతో, తెల్లబట్టల్లో, షమూనీ చెయ్యి పట్టుకుని బయటికొచ్చారు. నావైపు మాత్రం చూడలేదు.

ఆదివారం అందరికంటే ముందే వెళ్ళి, నా పైపంచెతో ముక్కాలిపీట తుడిచాను. షమూనీ వచ్చి నిలబడింది. నేనింకా తుడుస్తూనే ఉన్నాను.

"చాలు నాయనా," అన్నారు అయ్యగారు. "ఆమెను కూర్చోనివ్వు."