ఒకే గుమ్మం మిగుల్చుకున్న పందికొక్కు

మెట్టచేల గట్టు కింద గాదెయ్య అనే పందికొక్కు కాపురం ఉండేది. దాని కలుగుకి నాలుగు గుమ్మాలు. ఆ ఏడు వేరుశనగ విరగపండింది. గాదెయ్య గదులన్నీ నింపేసింది. అయినా చేలో ఇంకా కాయలున్నాయే అని దానికి నిద్ర పట్టేది కాదు.

శనివారం సాయంత్రమైతే చుట్టుపక్కల జంతువులన్నీ గట్టు అవతల రాముడి రాయి దగ్గర చేరేవి. తలా కాస్త తెచ్చి అక్కడ పెట్టి, భజన చేసి, దాన్నే పంచుకు తినేవి. ఆ భజనకో కట్టుబాటు ఉంది. ఎవరు ఎక్కడ పాట ఎత్తుకున్నా సరే, విన్నవాళ్లు వంత పాడుతూ అక్కడికి వెళ్లి తీరాలి.

"గాదెయ్యా, భజనకి రావూ?" అని ఎద్దు పోలన్న దారిలో పిలిచింది.

"భజన చేస్తే గది నిండుతుందా అన్నా? ఆ పెట్టే కాయేదో నా దగ్గరే ఉంటే నాదవుతుంది."

"సరేలే, నీ వాటా ప్రసాదం తీసి ఉంచుతాం" అని పోలన్న వెళ్లిపోయింది.

పొద చాటునుంచి నక్క వచ్చింది. "బాగా చెప్పావు అల్లుడూ! వాళ్లకేం, పనీపాటా లేనివాళ్లు. అది సరే గానీ, ఒక్క ప్రాణికి నాలుగు గుమ్మాలెందుకు? మూడింట్లో కాయలు కూరేసుకో. నాలుగోదాని దగ్గర నేను కాపలా కూర్చుంటాను."

"కూలి అడుగుతావేమో మామా?"

"ఛఛ, మనలో మనకి కూలేమిటి!"

ఊరికే వస్తుందంటే గాదెయ్య ఇంకేమీ ఆలోచించదు. పందికొక్కుగా పుట్టి, పారిపోయే దారులు తానే మూసుకున్న జీవిని నేనైతే మరెక్కడా చూడలేదు.

మరుసటి శనివారం పొద్దు వాలేసరికి మూడు గుమ్మాలూ కాయలతో బిగుసుకుపోయాయి. నక్క నాలుగో గుమ్మంలో మూతి పెట్టింది.

"అల్లుడూ, ఇక బయటికి రా."

"ఎందుకు మామా?"

"ఆకలేస్తోంది."

గాదెయ్య వెనక్కి ఉరికింది. వెనక గుమ్మం తోడబోతే తోడినకొద్దీ కాయలు మీద పడ్డాయి. నక్కేమో ముందు గుమ్మం తవ్వుతూ దగ్గరికొస్తోంది. ఇంత సొత్తు మధ్య కూర్చుని, తన పేరు పెట్టి పిలిచే దిక్కెవరా అనుకుంటే పోలన్న గొంతు గుర్తొచ్చింది.

"మామా, ఒక్కసారి దేవుణ్ణి తలుచుకోనీ."

"తలుచుకో, తలుచుకో. అంతమాత్రం కాదని ఆ పాపం నేనెందుకు మూటగట్టుకోవాలి?" అని నక్క నవ్వింది. భజన మొహం చూసిన నక్కయితే కదా, కట్టుబాటు తెలియడానికి!

"వెలుగు చూపు రామయ్యా..." అని గాదెయ్య ఎత్తుకుంది. నక్కని మోసగించడానికే మొదలుపెట్టింది గానీ, రెండోసారి అనేసరికి ఆ సంగతే మరిచిపోయి, ఏడుస్తూ, నిజంగానే పిలిచింది.

"వెంట ఉండు రామయ్యా!" అని గట్టు అవతలినుంచి వంత వినిపించింది.

నక్క చెవులు రిక్కించింది. "ఎవర్రా అది?"

గాదెయ్య పాడుతూనే ఉంది. వంత దగ్గరైంది. గట్టు మీద ముందుగా పోలన్న కొమ్ములు కనిపించాయి. నక్క మరి వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

గాదెయ్య బయటికొచ్చింది. ముసలి కోడి రత్తమ్మ ముక్కున పట్టుకొచ్చిన బెల్లమ్ముక్క దాని ముందు పెట్టింది.

"నేను రానని తెలుసు కదా అత్తా, నాకెందుకు దాచారు?"

"నువ్వు రానన్నావు. మేం రావద్దని అనలేదుగా!" అంది రత్తమ్మ.

గాదెయ్య ఆ రాత్రే మూడు గుమ్మాలూ తెరిచింది. వాటిలోని కాయలన్నీ రాముడి రాయి దగ్గరికి చేరాయి. చాన్నాళ్ల తర్వాత దానికి ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. నక్క మాత్రం ఇప్పటికీ ఎక్కడైనా పాట వినిపిస్తే దారి మార్చుకుంటుంది.

కలుగు నింపుకుంటే కడుపే నిండుతుంది. నమ్మి పిలిస్తే పలికేవాళ్లుంటేనే బతుకు నిండుతుంది.