గడికుడుక లేవని రోజు

రాయవీటిని ఏలే కాచభూపతికి తన వంశచరిత్రను తాటాకుల మీద రాయించి, విజయదశమి నాడు నిండుసభలో చదివించాలన్న కోరిక పుట్టింది. పుట్టేసరికే శ్రావణమాసం వచ్చేసింది. రాయవలసిన ఆకులు మాత్రం కొండలా పేరుకుని ఉన్నాయి.

ప్రధాని నాగన ప్రెగ్గడ ఇందుకొక ఉపాయం కనిపెట్టాడు. రాయసకాండ్రు, అంటే ఆ తాటాకులు రాసేవారు, మధ్యాహ్నం భోజనానికి లేస్తున్నారనీ, తిన్నాక మామిడితోపులో కాసేపు తిరుగుతున్నారనీ, ఆ కాలమంతా బూడిదలో పోసిన పన్నీరనీ అతని వాదం. ఇకమీదట ఉదయపు గంటకు కూర్చున్నవారు సాయంకాలపు గంట మోగేవరకు లేవరాదని కట్టడి చేశాడు. ఇంతటి ఆలోచన మరెవరికీ తట్టనందుకు జాలిపడుతూ మీసం దువ్వుకున్నాడు.

పక్షం తిరిగేసరికి రాయసకాండ్ర వేళ్లు కొంకర్లు పోయాయి. నడుములు పట్టేశాయి. అన్నదమ్ముల్లా మెలిగినవారు ఆకుల మీద రాసే గంటాల కోసం కీచులాడుకున్నారు. అందరిలోకి నేర్పరి సూరన్నకు కళ్లముందు అక్షరాలు చీమల్లా పాకసాగాయి. ఇంటికి వెళ్లినా కునుకు పట్టేది కాదు, పలకరించిన భార్యను కసురుకునేవాడు. ఆ మసకలోనే ఒకే పద్యాన్ని ముమ్మారు రాసేశాడు. రాసినంతవరకు సభలో చదివించి చూస్తే, రాజుగారి తాతకు ఒకే కన్యతో మూడుసార్లు వివాహమైంది.

సభ నవ్వింది. రాజు నవ్వలేదు. సూరన్నను కొలువు నుంచి తొలగించవలసిందేనని ప్రెగ్గడ పట్టుబట్టాడు.

అప్పుడు లేచాడు ఓబళభట్టు. చమత్కారపు మాటలకు మెచ్చి రాజు చేరదీసిన ఆస్థాన పండితుడతడు. తప్పు సూరన్న చేతిది కాదనీ, ఆ చేతికి ఊపిరాడనివ్వని కట్టడిదనీ వినయంగా మనవి చేశాడు.

రాజుకు చిర్రెత్తుకొచ్చింది. "భట్టూ, తెరిపి లేకపోతే పని ఆగుతుందని రేపు నా కంటికి చూపించు. చూపలేకపోతే సూరన్నతో పాటు నువ్వూ మూట కట్టుకో."

భట్టు ఒకటే వరం కోరాడు. ఆ ఒక్కరోజు కట్టడి రాయసకాండ్రకే కాక, కోటలో అందరికీ వర్తించాలని.

ప్రెగ్గడ పకపక నవ్వాడు. "మనుషులదాకా ఎందుకు? రేపు ఈ కోటలో చెంబైనా పని మధ్యలో లేవదు. దండోరా వేయించండి ప్రభూ."

ఆ చెంబు మాట తప్పక చాటించమని చేతులు జోడించి, భట్టు నిష్క్రమించాడు.

ఆ కోటలో కాలాన్ని కొలిచేది గడికుడుక. అది అడుగున సన్నని రంధ్రమున్న రాగిగిన్నె. తొట్టినీటిపై తేలుతూ మెల్లగా నిండి, గడియకొకసారి మునుగుతుంది. మునిగినప్పుడల్లా కావలివాడు మైలారుడు దాన్ని పైకి తీసి, ఒంపి, గంట కొట్టి, మళ్లీ తేలవేస్తాడు. మధ్యాహ్నపు గంట మోగనిదే రాజుగారికి విస్తరి వేయరాదన్నది ముత్తాతల నాటి ఆచారం.

మర్నాడు ముసురు పట్టింది. సూర్యుడి జాడ లేదు. ఉదయపు గంట మోగింది. మరి మోగలేదు.

రాజుగారి కడుపులో మొదట ఎలుకలు పరుగెత్తాయి, తర్వాత ఏనుగులు. వంటశాల నుంచి పప్పుపోపు ఘుమఘుమ వస్తోంది గాని విస్తరి రావడం లేదు. అడిగితే, గంట కాలేదు మహాప్రభో అని వంటవాళ్లు నేల చూపులు చూశారు. ఇక తాళలేక రాజే గంటమండపానికి నడిచాడు. వెనకే ప్రెగ్గడ, రొప్పుతూ.

గడికుడుక తొట్టి అడుగున హాయిగా కూర్చుని ఉంది. మైలారుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కనే భట్టు తాంబూలం నములుతున్నాడు.

"దాన్ని పైకి తీయవేమిరా?" అన్నాడు రాజు.

మైలారుడు భట్టు వంక చూశాడు. భట్టు లేచి నమస్కరించి, "ప్రభువుల దండోరా. చెంబైనా పని మధ్యలో లేవరాదు. సాయంకాలపు గంట కాగానే లేపుతాడు," అన్నాడు.

"అది లేవకపోతే ఆ గంట ఎలా అవుతుంది?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు ప్రభూ. పొద్దుటి నుంచి ఒక్కక్షణం వృథా చేయకుండా నీళ్లలోనే ఉంది. ఇంత పని ఇదివరకెన్నడూ చేయలేదు."

ఆకలి మీదున్న ప్రెగ్గడ మండిపడ్డాడు. "ఓరి వెర్రి భట్టూ, మునిగినదాన్ని పైకి తీసి, బరువు దించి, కాస్త తేలనిస్తేనే గదయ్యా మళ్లీ గడియను కొలిచేది. ఈపాటి తెలియదా నీకు?"

భట్టు తల వంచాడు.

"ఈ మాట సూరన్న గురించి మీ నోట ఎప్పుడు వింటానా అని పక్షం రోజులుగా కాచుకుని ఉన్నాను, ప్రెగ్గడగారూ."

రాజు కుడుకను చూశాడు. ప్రెగ్గడను చూశాడు. ముందు ఆయన మీసాలు కదిలాయి, తర్వాత భుజాలు. ఆనక మండపమంతా ప్రతిధ్వనించేలా నవ్వాడు. చేతిని మోచేతివరకు తొట్టిలో ముంచి, కుడుకను తానే పైకి తీసి ఒంపి, మధ్యాహ్నపు గంట స్వహస్తంతో మోగించాడు.

కట్టడి రద్దయింది. సూరన్న కొలువు నిలిచింది. కంటినిండా నిద్రపోయి కోలుకున్నాకే రమ్మని అతణ్ణి ఇంటికి పంపాడు. తన భుజం మీది జరీశాలువా తీసి భట్టుకు కప్పాడు. ఇకపై రోజూ భోజనానంతరం రాయసకాండ్రను మామిడితోపులో తిప్పే భారం ప్రెగ్గడకు అప్పగించాడు.

ప్రెగ్గడ తన బొజ్జ వంక ఒకసారి దీనంగా చూసుకున్నాడు. "ఎంతసేపు నడవాలి ప్రభూ?"

"కుడుక మునిగేదాకా," అని విస్తరి వైపు పరుగులాంటి నడకతో సాగిపోయాడు రాజు.